అనంతమ్మ వజ్రాల గడియారం

మా బాపును దొంగ అనడానికి వచ్చిన పిల్ల చాలా మర్యాదగా వచ్చింది. చెప్పులు గేటు దగ్గరే విడిచి, అప్పుడే కడిగిన వాకిలి తొక్కకుండా గోడ పక్కనుంచి నడిచి వచ్చి, కుర్చీ వేస్తే అంచున కూర్చుంది. పేరు స్వప్న అనీ, కల్వకుర్తి దగ్గరి అనంతమ్మ మనవరాలిననీ చెప్పింది. ఆ పేరు వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. అనంతమ్మ ఎలా ఉంది అని అడిగితే, నిరుడే పోయిందని చెప్పి, బ్యాగులోంచి ఒక చేతిరుమాలు తీసి విప్పింది. లోపల బంగారు గడియారం, అద్దం చుట్టూ వరసగా వజ్రాలు. ఆదివారం పొద్దుటి ఎండ మా నల్లగొండ ఇంటి వరండాలో పడుతోంది. రాళ్ళ వెలుగు గోడమీద చుక్కలు చుక్కలుగా కదిలింది. దాన్ని చూసి ఎన్నేళ్ళయిందో. చేతిలోకి తీసుకుని, ముందు వజ్రాలు చూడకుండా వాటి చుట్టూ ఉన్న బంగారాన్ని వేలితో తడిమాను. ఒక్క కొన కూడా గుచ్చుకోలేదు. అది బాపు పని.

"అక్కా, మీరు తప్పుగ అనుకోవద్దు" అంది స్వప్న నేలవంక చూస్తూ. "దీన్ని మొన్న హైదరాబాదుల పెద్ద షాపుకు తీసుకపోయినం. రాళ్ళు అసలుయే, బంగారం అసలుదే అన్నరు. లోపలి మిషినే కంపెనీది కాదంట. తొవ్వపొంటి బండ్ల మీద దొరికే, సెల్లుతోటి నడిచే మిషినంట. కొన్నప్పుడు కీ ఇచ్చే గడియారం, బయటిదేశపు మిషిను. గిది ఒక్క మీ బాపు చేతులకే పోయింది. అసలు మిషిను ఆయినే తీసుకున్నడని మా నాయిన అంటుండు. మీ బాపు మంచోడని అందరు చెప్తరు. గందుకే మిమ్ములను అడిగిపోదామని వచ్చిన."

నాకు కోపం తొందరగా వస్తుంది. బడిలో పిల్లలు నా కోపానికి వాళ్ళలో వాళ్ళు ఏదో పేరు కూడా పెట్టుకున్నారు. ఆ నిమిషంలో ఏదో ఒకటి అనేసేదాన్నే. కానీ బాపు లేడు. పోయిన మనిషి తన జవాబు తాను చెప్పుకోలేడు, నేను కసిరి పంపిస్తే ఆ మాట కల్వకుర్తిలో అలాగే మిగిలిపోతుంది. అందుకని చాయ్ పెట్టి తెచ్చి, "తాగుతూ విను. కొంచెం పొడుగు కథ" అన్నాను. అప్పుడు ఆ పిల్లకు చెప్పినదీ, చెబుతుంటే నాకు గుర్తొచ్చినదీ రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కొత్త రాష్ట్రం వచ్చిన రోజుల్లో నేను పదో తరగతి. కల్వకుర్తిలో మా ఇంటి ముందుగదే నగలు చేసే బాపు పనిగది. కిటికీ కింద చెక్కపీట, పీట ముందు కుంపటి, ఊదుగొట్టం, చిన్న చిన్న సుత్తెలు, లక్క ముద్ద. తెల్లవారి నేను కళ్ళు తెరిచేసరికి కాలిన లక్క వాసన, దానిమీదుగా అవ్వ నానబెట్టిన కుంకుళ్ళ వాసన వచ్చేవి. ఆ గదిలోంచి బయటికి ఎవరు వెళ్ళినా కాళ్ళు ఒక పాత గోనెపట్టా మీద దులుపుకొని వెళ్ళాలి. అరికాలికి అంటుకుని బంగారపు పొడి వీధిలోకి పోతుందని. ఊడ్చిన దుమ్ము కూడా పారబోసేవాళ్ళం కాదు, డబ్బాలో దాచేవాళ్ళం. ఏడాదికోసారి ఆ దుమ్ము కడిగి బంగారం తీసేవాళ్ళు వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు. ఇంట్లో చెత్తను దాచుకునే కులం మాదొక్కటేనని నా స్నేహితురాళ్ళు ఏడిపించేవాళ్ళు.

మా దగ్గర నగలూ సొమ్ములూ చేయించుకునేవాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. బంగారం ఇచ్చేసి ఇంటికి పోరు. సద్ది మూట కట్టుకుని వచ్చి అవుసలాయన, అంటే కంసాలి, ఎదురుగా కూర్చుంటారు. కరిగించినప్పుడు, సాగగొట్టినప్పుడు, అతికినప్పుడు కళ్ళు తిప్పరు. సాయంత్రం సగం పనిని మూటగట్టి తమతో తీసుకుపోతారు, మర్నాడు మళ్ళీ తెస్తారు. తల్లి ముక్కుపుడకలోనైనా ఇంత గీరుకోకపోతే అవుసలోడికి నిద్ర పట్టదని ఊళ్ళో ఒక మాట. ఆ మాటను బాపు ముందే అని నవ్వేవాళ్ళు, బాపు కూడా నవ్వేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఎదురుగా కూర్చునేవాళ్ళ ముచ్చట్లంటే మాత్రం ఇష్టం. ఎవరింట్లో ఏ గొడవ, ఎవరి బోరులో నీళ్ళు పడ్డాయి, అచ్చంపేట అడవిలో ఈసారి ఇప్పపువ్వు ఎట్లా ఉంది, అన్నీ ఆ గదిలోనే విన్నాను. పుస్తకం ముందు పెట్టుకుని చదువుతున్నట్టు నటించడం నాకు అక్కడే అలవాటయింది.

ఇక అవ్వ. బాపు తల్లి. పనిలో ఆమెది చివరి చెయ్యి. ఏ సొమ్ము పూర్తయినా బాపు దాన్ని గూట్లో ఉన్న ఇత్తడి పళ్ళెంలో పెట్టేవాడు. ఏమీ చెప్పేవాడు కాదు. పళ్ళెంలో పెట్టాడంటే పని అయిపోయినట్టు, పని అయిపోతే కడగాల్సినట్టు. అవ్వ దాన్ని గోరువెచ్చని కుంకుడు రసంలో ముంచి, మెత్తని బ్రష్షుతో సందు సందూ రుద్ది, మంచినీళ్ళతో కడిగి, తుడిచి, బొట్టు పెట్టి దేవుడి ముందు ఉంచేది. అప్పుడే ఇచ్చేది. "పుట్టిన పిల్లకు నీళ్ళు పోయకుండ తల్లికిస్తరానే?" అనేది నాతో. నాకు తెలిసి ఆమె చేయి పడకుండా మా ఇంటినుంచి చెవిపోగు కూడా బయటికి పోలేదు.

అప్పటికే తయారు నగల దుకాణాలు వచ్చాయి. అద్దాలు, ఏసీ, గులాబీరంగు పెట్టెలు. బాపు దగ్గరికి మెట్టెలు అతికించుకునేవాళ్ళు, ముక్కుపుడక మర బిగించుకునేవాళ్ళు తప్ప ఎవరూ రావడం లేదు. రాళ్ళు పొదగడంలో మా తాత దగ్గర నేర్చిన చెయ్యి ఆయనది. ఆ చెయ్యి ఖాళీగా ఉండటం ఇంట్లో అందరికీ కనబడేది. అలాంటప్పుడు ఒకరోజు అనంతమ్మ వచ్చింది.

శ్రీశైలం రోడ్డు పక్కన భూముల ధరలకు రెక్కలొచ్చిన కాలం అది. అనంతమ్మా ఆమె పెనిమిటీ కూలి చేసుకుంటూ గుంట గుంటగా కొన్న మెట్ట చెలక ఆ రోడ్డుకు ఆనుకునే ఉంది. కొడుకులు అందులో చాలా భాగం అమ్మేశారు. కొద్దిగా మాత్రం ఆమె తన పేరు మీద ఉంచుకుంది. పంపకాల్లో నీకేం కావాలమ్మా అని అడిగితే గొలుసూ అనలేదు, కమ్మలూ అనలేదు. చేతి గడియారం అంది. అదీ వజ్రాలది. ఒక కొడుకు నవ్వి, హైదరాబాదులో ఒక బంగారు గడియారం, విడిగా వజ్రాలు కొని తెచ్చాడు. వజ్రాలు పొదిగిన గడియారమే షాపులో దొరుకుతుంది కదా అంటే ఆమె ఒప్పుకోలేదు. తన సొమ్ము తన కళ్ళముందే తయారు కావాలి.

"గడియారం చూసుడు వస్తదా పెద్దమ్మా?" అని బాపు అడిగాడు, పొట్లం విప్పుతూ.

"నేర్చుకున్న. నా మనుమరాలు నేర్పింది" అంది అనంతమ్మ. ఇక్కడ నేను ఆగి స్వప్న వంక చూశాను. ఆ పిల్ల తల ఊపింది. గోడ గడియారం ముందు నిలబెట్టి నేర్పిందట. అప్పుడు తనకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో.

అనంతమ్మ రోజూ మొదటి ఆటోకు వచ్చేది. నల్లగా, ఎండిన తుమ్మకర్రలా ఉండే మనిషి. నడుముకు ఆకువక్కల సంచి. బాపు ఎదురుగా గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చునేది. గడియారాలు బాగుచేసే ఖాజా భాయ్ వచ్చి అద్దం చుట్టూ ఉన్న బంగారు రింగును విడదీసి ఇచ్చాడు. బాపు దాన్ని లక్కలో కూర్చి, ఒక్కొక్క రాయికీ గుంట తవ్వి, పుల్ల చివర మైనం ముద్ద అంటించి దాంతో రాయిని ఎత్తి అందులో దించి, చుట్టూ ఉన్న బంగారాన్ని కొద్దికొద్దిగా దాని మీదికి జరిపేవాడు. రాయి దించేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. ఆయనతో పాటు అనంతమ్మ కూడా బిగబట్టేది. నేనూ. రాయి కూర్చున్నాక ముగ్గురం ఒక్కసారే ఊపిరి వదిలి నవ్వుకునేవాళ్ళం.

నా నోరు ఊరుకునేది కాదు. "అవ్వా, గడియారం సరే, వజ్రాలెందుకు?" అని అనంతమ్మను అడిగాను ఒకరోజు. బాపు కళ్ళెర్రజేశాడు. ఆమె మాత్రం వక్క నములుతూ నింపాదిగా చెప్పింది.

"మేము పటేలు చేన్ల కైకిలికి పోయేటోళ్ళం బిడ్డా. గడియారం ఆయిన ఒక్కని చేతికే ఉండె. ఎండ కాసినప్పుడు మాకు పొద్దు ఎరికే. మొగులు పట్టిన నాడు పొద్దు ఎటున్నదో ఎవలకు తెలుస్తది? చెయ్యి ఎత్తి చూసి, ఇంక టైము గాలే అనేటోడు. ఆయిన గాలేదంటె గాలే. చీకట్ల ఇంటికి వచ్చి పొయ్యి ముట్టిస్తుంటి. పిల్లలు తినకుంటనే పండుకుంటుండిరి. పటేలు చేని ఒడ్డు మీద నిలబడితె ఆ గడియారం ఎండకు ఒక్కటే మెరుసుడు. చేను అవుతలికెల్లి గూడ కనబడుతుండె. నాది గూడ కనబడాలె."

బాపు లక్కతో సహా రింగును వెలుతురుకు తిప్పి చూశాడు. ఆ తర్వాత రాళ్ళను అనుకున్న దానికన్నా కొంచెం ఎత్తుగా కూర్చోబెట్టాడు. వెలుగు నాలుగువైపులా తగలాలని.

అన్ని రాళ్ళూ కూర్చున్న రోజు నేను బడికి వెళ్ళాను. నేను లేనప్పుడు జరిగింది తర్వాత అందరి నోటా విన్నాను. ఖాజా భాయ్ వచ్చి రింగును మళ్ళీ గడియారానికి బిగించాడు. కంపెనీలో బిగించినంత గట్టిగా పట్టలేదు, నీళ్ళు తాకనివ్వొద్దని చెప్పి వెళ్ళాడు. అనంతమ్మ సొమ్ము పూర్తయిన సంతోషంలో కొబ్బరికాయ, బెల్లం తేవడానికి బజారుకు లేచింది. అన్ని రోజుల్లో ఆమె పనిమీదినుంచి చూపు తిప్పింది అప్పుడొక్కసారే. బాపు గడియారాన్ని మెత్తని గుడ్డతో తుడిచి, చేయి దాని దారిన అది పోయినట్టు, ఇత్తడి పళ్ళెంలో పెట్టి పెరట్లోకి కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి వెళ్ళాడు. ఎన్నో ఏళ్ళుగా పూర్తయిన ప్రతి సొమ్మునూ పెట్టిన చోటు అది. ఆయనకు ఆలోచన రాలేదు. అవ్వకూ రాలేదు.

నేను పుస్తకాల సంచితో గడపలో అడుగు పెట్టేసరికి అవ్వ దేవుడి ముందు కూర్చుని గడియారం అద్దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతోంది. మొహం వెలిగిపోతోంది. "చూడవే, ఎట్ల తెల్లగయినయో రాళ్ళు" అంది. బొట్టు కింద, అద్దం లోపల, సన్నని ఆవిరి పట్టి ఉంది. ముల్లు కదలడం లేదు. నేను అరిచిన అరుపుకు బాపు తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు.

ఆయన అవ్వను ఒక్క మాట అనలేదు. అవ్వే గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయింది. నేను ఖాజా భాయ్ దగ్గరికి ఉరికాను. ఆయన వచ్చి గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, వెలుతురుకు తిప్పి చూసి, బాపువైపు తల అడ్డంగా ఊపాడు. "చారీ సాబ్, లోపల సబ్బు నీళ్ళోలె నురుగున్నది. తుడిస్తె రెండు దినాలు నడుస్తదేమో, మల్ల ఆగుతది. నా దగ్గర సెల్లు మిషినున్నది, సరిగ్గ పడ్తది. అమ్మ బజారుకెల్లి వచ్చేలోపల వేసేస్త. మనం చెప్పకుంటె ఎవలకు తెలుస్తది?"

బాపు అప్పుడు చెప్పిన మాట స్వప్నకు ఉన్నదున్నట్టు చెప్పాను. "ఆమె రానీ. మూత ఆమె ఎదురుంగనే తియ్యి."

అనంతమ్మ కొబ్బరికాయతో వచ్చింది. బాపు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె గడియారాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "కడిగితె ఆగిపోయేదానికి గంత ధర ఎందుకు పెట్టిండ్రు?" అంది ముందు. మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ వెంటనే ఆమె గొంతు మారింది. "నేను వజ్రాల కోసం కూసున్ననా చారీ? టైము కోసం కూసున్న. ఎన్నటికి టైము గాని గడియారం పటేలు చేతిల చూసిన గద, మల్ల నా చేతికెందుకు?" అవ్వ పాక్కుంటూ వచ్చి ఆమె చేయి పట్టుకుంది. "నా చేతులు పడిపోను, తప్పయింది" అని ఏడ్చింది. బాపు ఆ రోజంత చిన్నగా కనిపించడం నేను ఎప్పుడూ చూడలేదు. అనంతమ్మ అవ్వ చేతులను కాసేపు అలాగే పట్టుకుంది. "నీ చేతులేం పాపం చేసినయక్కా, కడిగినయి" అంది చివరికి.

ఖాజా భాయ్ షాపువాళ్ళకు ఫోను చేశాడు. బయట విప్పిన గడియారానికి తమ పూచీ లేదన్నారు. కావాలంటే తయారుచేసిన దేశానికి పంపాలి, నెలలు పడుతుంది, అయినా బాగవుతుందని చెప్పలేం అన్నారు. "దేశాలు పట్టుకోని పోతె నేను ఎవల ఎదురుంగ కూసోవాలె?" అంది అనంతమ్మ. "నీ సెల్లు మిషిను టైము సరిగ చెప్తదా?" కంపెనీదానికంటే సరిగ్గా చెబుతుందన్నాడు ఖాజా భాయ్. అబద్ధం కాదు, నిజమే. "మరి గదే వెయ్యి" అంది. మేమంతా అతని దుకాణానికి నడిచాం. ఆమె స్టూలు మీద కూర్చుని కళ్ళు ఆర్పకుండా చూసింది. పాత మిషినును అతను కాగితంలో చుట్టి ఇస్తే, గుడ్డపేలికలో ముడివేసి ఆకువక్కల సంచిలో పెట్టుకుంది. ముల్లు తిప్పడం ఎలాగో అడిగి నేర్చుకుంది. సెల్లు అయిపోయినప్పుడల్లా తన దగ్గరికే రమ్మన్నాడు ఖాజా భాయ్. "నా కొడుకులకు చెప్పకుండ్రి, పంచాయితి పెడ్తరు" అని మా అందరి దగ్గరా మాట తీసుకుంది. బాపు తన మజూరీ ముట్టుకోలేదు.

ఆ తర్వాత బాపుకు వజ్రాల పని ఎప్పుడూ రాలేదు. మెట్టెలు, ముక్కుపుడకలే మిగిలాయి. నా పెళ్ళికి నేను కూడా షాపులోనే కొన్నాను. అక్కడ బంగారానికి ముద్ర ఉంటుంది, రాయికి కాగితం ఉంటుంది, పైన కెమెరా ఉంటుంది. ఎవరి ఎదుటా ఎవరూ కూర్చోనక్కర్లేదు. ఆ నగ చేసిన మనిషి ఎవరో, ఏ ఊరివాడో, రాయి దించేటప్పుడు ఊపిరి బిగబట్టాడో లేదో నాకు తెలియదు. ఇప్పుడు మోసం తక్కువేనేమో, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ పాతకాలపు అనుమానంలో ఒక మనిషి మొహం మరో మనిషి రోజంతా చూసేవాడు. నాకు అది కావాలనిపిస్తుంది.

ఇదంతా చెప్పాక, "నా మాట తప్ప నా దగ్గర ఇంకేం లేదు. నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం" అన్నాను. స్వప్న ఖాళీ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"గుడ్డపేలిక నీలిరంగుదా అక్కా?" అని అడిగింది.

రంగు నాకు గుర్తులేదు.

"అవ్వ దినాలప్పుడు సంచి విప్పితె అండ్ల ఒక ముడి దొరికింది. విప్పితె సన్నసన్న చక్రాలు. శ్రీశైలంల ఎవలో స్వాములు ఇచ్చిన తాయెత్తనుకోని దేవుని గూట్ల పెట్టినం. మా అమ్మ రోజు బొట్టు పెడుతుంది." ఆమెకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. నాకూ అంతే. ఆ మిషినుకు బొట్టు పెట్టాలని ఎవరికైనా తోచిందంటే మా అవ్వ ఎక్కడో సంతోషపడే ఉంటుంది. "మా నాయినకు నేను చెప్త" అంది స్వప్న కళ్ళు తుడుచుకుని. "మీ బాపు పేరు మా ఇంట్ల ఇంకోతీర్గ రాదు."

నా గుండెల మీది బరువు దిగిపోయింది. గడియారం ఆమెకు ఇస్తూ, ఊరికే తెలుసుకుందామని అడిగాను. "మరి షాపుకు ఎందుకు తీసుకపోయినవు? ఆగిపోయిందా?"

"ఆగలే అక్కా. ఎప్పుడు చూసినా ఫోను కంటె ముందుంటుండె. అవ్వ ఉన్నన్ని దినాలు గంతే. మిషిను ఖరాబున్నదని సరి చేయిద్దామని పోయినం. మిషినుల ఏం ఖరాబు లేదన్నరు. ముల్లు సరి చేసి ఇచ్చిండ్రు."

"మీ అవ్వ చేనుకు పోయేదా?"

"పోకుంటనా? ఉంచుకున్న చెలకల పత్తి పెట్టేది. కైకిలోళ్ళను ఇడిసేది గూడ అవ్వనే. ఒడ్డు మీద నిలబడి చెయ్యి లేపి, టైమయింది ఇండ్లకు పోండ్రి అనేది. మా నాయిన ఫోను చూసి ఇంక గాలేదంటె, నా గడియారంల అయింది అని..." స్వప్న అక్కడ ఆగిపోయింది.

మిషిను మార్చిన రోజు దుకాణంలో అనంతమ్మ ముల్లు తిప్పడం అడిగి నేర్చుకోవడం నాకు గుర్తొచ్చింది. గడియారం ఖాజా భాయ్ చెప్పినట్టే ఇన్నేళ్ళూ సరిగ్గా నడిచింది.

"ఇప్పుడు పత్తి ఏరుతున్నరు" అంది స్వప్న మెల్లగా. గోటితో కీ బయటికి లాగి, ముల్లును కొంచెం ముందుకు తిప్పి, గడియారం చేతికి పెట్టుకుంది.